కౌలు కార్డు గడువు 11 నెలలే: తేదీ దాటకముందే మళ్లీ రాయించుకోండి

(మందస, పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, టెక్కలి మండలాల కౌలు రైతుల కోసం)

మీ దగ్గర కౌలు కార్డు ఉందా? ఉంటే ముందు దాన్ని బయటికి తీసి, మీద ఉన్న తేదీ చూసుకోండి. చూశాకే మిగతాది చదవండి. ట్రంకు పెట్టెలోనో, పాసు పుస్తకాల సంచీలోనో భద్రంగా దాచిన కార్డు గడువు ఎప్పుడో తీరిపోయి ఉండొచ్చు. గడువు తీరిన కార్డుకీ, అసలు కార్డు లేకపోవడానికీ పెద్ద తేడా లేదు.

ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు ‘పంట సాగుదారు హక్కు పత్రం’. ఆఫీసుల్లో సీసీఆర్సీ అంటారు. ఊళ్లో మనం కౌలు కార్డు అంటాం. 2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద దీన్ని ఇస్తున్నారు. ఈ చట్టం రావడంతో 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం, 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం రెండూ రద్దయ్యాయి. 2011 చట్టం కింద ఇచ్చిన పాత రుణ అర్హత కార్డులు ఇంకా కొందరి ఇళ్లలో ఉన్నాయి. అవి ఇప్పుడు చెల్లవు.

చాలామంది అడిగేది ఒకటే. “గత ఏడాది రాయించుకున్నాం కదా, అదే రైతు, అదే పొలం, మళ్లీ ఎందుకు?” ఎందుకంటే ఈ కార్డు దానంతట అది పొడిగింపు అవదు. ఒప్పందం తేదీ నుంచి 11 నెలలు నిండిన రోజుతో దాని పని అయిపోతుంది. పదేళ్లుగా ఒకే మడి చేస్తున్నా సరే, ఏటా కొత్తగా సంతకాలు పెట్టించాలి, కొత్త కార్డు తీసుకోవాలి.

11 నెలలే ఎందుకు?

పలాసలోనో, విశాఖలోనో మీ పిల్లలు అద్దెకుంటున్న ఇంటి కాగితం ఎప్పుడైనా చూశారా? అదీ 11 నెలలకే ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును, ఏటేటా నడిచే లీజును రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు లేకుండా ఉండాలని దేశమంతటా 11 నెలల కాగితం అలవాటైంది. కౌలు కార్డుకీ అదే గడువు పెట్టారు.

ఇంకో కారణం కూడా ఉంది. అది భూమి గలవారి భయం. 1956 చట్టం కౌలుదారుకు కనీసం 6 ఏళ్ల గడువు ఇచ్చింది, వివాదమొస్తే కౌలు కోర్టుకు వెళ్లే వీలిచ్చింది. చట్టం మంచిదే. కానీ కాగితం మీద పెడితే పొలం చేజారుతుందేమోనని యజమానులు కౌలును కాగితం మీద పెట్టడమే మానుకున్నారు. అంతా నోటిమాట అయిపోయింది. పొలంలో కష్టం కౌలుదారుది, రికార్డులో పేరు పట్టాదారుది. పశ్చిమ బెంగాల్లో 1978 నుంచి ‘ఆపరేషన్ బర్గా’ పేరుతో 14 లక్షల మందికి పైగా పాలికాపుల పేర్లు రికార్డులకెక్కించారు. అక్కడ ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మన 2019 చట్టం ఆ దారిలో వెళ్లలేదు. భూమి మీద హక్కు యజమానికి, 11 నెలల పంట మీద హక్కు సాగుదారుకు అని గీత గీసింది. కౌలుదారుకు ఇది తక్కువే అనిపించొచ్చు. నిజమే, తక్కువే. కానీ ఆ తక్కువ కూడా రాయించుకోకపోతే చేతిలో ఏమీ ఉండదు.

రికార్డులో పేరు లేకపోతే ఏమవుతుందో మందసకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1940లో జమీందారీ రైతుల పోరాటంలో గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీరగున్నమ్మ బలైన మండలం ఇది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక రైతుల పేరున పట్టాలు వచ్చాయి. ఆ పట్టాదారుల మనవలు ఇప్పుడు హైదరాబాద్‌లోనో, ముంబయిలోనో, పోర్ట్‌బ్లెయిర్‌లోనో ఉన్నారు. వాళ్ల పొలం మీరు చేస్తున్నారు.

తుపాను వచ్చిన రోజు లెక్క

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా నేలకూలాయో మీకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే తీరం దాటాయి. అంటే వరి పొట్ట మీదో, గింజ పాలు పోసుకునే దశలోనో ఉండగానే మనకు గండం వస్తుంది.

తుపాను తర్వాత నష్టం రాసేవాళ్లు పొలానికి వస్తారు. వాళ్ల చేతిలో ఉండేది ఈ-పంట జాబితా. అందులో ఆ సర్వే నంబరు ఎదురుగా ఎవరి పేరుంటే పరిహారం వాళ్ల ఖాతాలో పడుతుంది. దుక్కి దున్నింది మీరే అని ఊరంతా సాక్ష్యం చెప్పినా, కంప్యూటర్ చూసేది నమోదైన పేరునే.

ఎంత డబ్బు సంగతి ఇది? విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం (2022-26కు ఇచ్చినవి) పంట 33 శాతం, అంతకు మించి పోతే నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500, తోటల్లాంటి బహువార్షిక పంటలకు 22,500. ఒక రైతుకు 2 హెక్టార్ల వరకే. రాష్ట్ర ప్రభుత్వం దీనిపైన కలిపి ఇవ్వొచ్చు, అది ఆ ఏడాది ఉత్తర్వును బట్టి ఉంటుంది. నీటి వసతి ఉన్న పల్లంలో రెండెకరాలు కౌలుకి చేస్తున్నారనుకుందాం. కేంద్ర నిబంధన లెక్కనే ఎకరాకు దాదాపు 6,880 చొప్పున రెండెకరాలకు 13,700 పైచిలుకు. పెట్టుబడి మొత్తానికి ఇది సరిపోదు, అందరికీ తెలుసు. కానీ విత్తనం, ఎరువుల అప్పు కట్టడానికి ఆ డబ్బే దిక్కు. కార్డు లేకపోతే అది పట్టాదారు ఖాతాలో పడుతుంది. మంచివాడైతే ఇస్తాడు. ఇవ్వకపోతే అడగడానికి మీ దగ్గర కాగితం లేదు.

అందుకే కార్డు మీద తేదీ ముఖ్యం. ఇక్కడ చాలామంది పడే ఇబ్బంది ఒకటి ఉంది. యజమాని సంక్రాంతికి ఊరికి వస్తాడు, అప్పుడే సంతకం పెట్టించుకుంటే సరిపోతుందని అనుకుంటారు. జనవరి 14న ఒప్పందం రాస్తే డిసెంబరు 13తో కార్డు చచ్చిపోతుంది. మన వైపు వరి కోతలు, నూర్పులు నవంబరు, డిసెంబరుల్లో నడుస్తాయి. ధాన్యం కేంద్రానికి చేరేసరికి డిసెంబరు చివరో, జనవరో అవుతుంది. అంటే కల్లంలో ధాన్యం ఉండగా కార్డు ఉండదు. సెప్టెంబరులో రాయించుకుంటే వచ్చే ఆగస్టుకి తీరిపోతుంది. ఆ కార్డును నమ్ముకుని మళ్లీ రాయించుకోకపోతే తర్వాతి అక్టోబరు తుపాను నాటికి చేతులు ఖాళీ.

జూన్ 1న రాయించుకుంటే వచ్చే ఏప్రిల్ 30 వరకు ఉంటుంది. ఏరువాక నుంచి వరి కోత, అమ్మకం, ఆ తర్వాత వరి మాగాణిలో చల్లే మినుము, పెసర కూడా ఆ గడువులోకి వచ్చేస్తాయి. కాబట్టి మా సలహా: మే నెలాఖరులోనో, జూన్ మొదటి వారంలోనో పని అయిపోవాలి. యజమాని సంక్రాంతికి వచ్చినప్పుడు మాట తీసుకుని, ఏ రోజు మళ్లీ వస్తాడో అప్పుడే ఖాయం చేసుకోండి. వేసవి సెలవులకి పిల్లలతో ఊరికొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మంచి సమయం.

ఎలా రాయించుకోవాలి

వెళ్లాల్సింది గ్రామ సచివాలయానికి, కలవాల్సింది వీఆర్వోను. భూమి యజమాని, సాగుదారు ఇద్దరూ ఒప్పంద పత్రం మీద వీఆర్వో సమక్షంలో సంతకం చేయాలి. పట్టాదారు పాసు పుస్తకం నకలు లేదా 1బీ, ఇద్దరి ఆధార్ నకళ్లు, మీ ఫొటో, బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీ నకలు పట్టుకెళ్లండి. ఒకటికి రెండు జతలు ఉంటే మళ్లీ జిరాక్సు షాపు కోసం హరిపురమో, పలాసో పరిగెత్తక్కర్లేదు.

సంతకం పెట్టే ముందు మూడు చోట్ల కళ్లు పెట్టండి. సర్వే నంబరు, విస్తీర్ణం, ఆధార్ నంబరు. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం నంబర్లు వచ్చాయి. గత ఏడాది కార్డులోని పాత నంబరే మళ్లీ రాసేస్తే ఆన్‌లైన్‌లో ఆ పొలం కనిపించదు, ఈ-పంట ఎక్కదు. విస్తీర్ణం సెంట్లతో సహా సరిపోవాలి. ఎకరా పది సెంట్లు చేస్తూ ఎకరా అని రాయిస్తే ఆ పది సెంట్ల పంట లెక్కలోకి రాదు.

కార్డు వచ్చాక పని అయిపోయిందనుకుని ఇంటికెళ్లిపోకండి. కార్డు సగం పనే. మిగతా సగం రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు. వ్యవసాయ సహాయకుడు, తోట అయితే ఉద్యాన సహాయకుడు మీ పంటను మీ పేరున ఎక్కించాలి. ఆ తర్వాత మీ వేలిముద్రతో ఈకేవైసీ పూర్తవ్వాలి. ఈ క్రమం తప్పకూడదు: ముందు కార్డు, తర్వాత ఈ-పంట. కార్డు ఆలస్యమై, ఈలోగా ఆ పొలం పట్టాదారు పేరునే ఈ-పంటలో ఎక్కేస్తే దాన్ని మార్పించడం కష్టం. సామాజిక తనిఖీ కోసం జాబితాను రైతు సేవా కేంద్రంలో పెడతారు. వెళ్లి మీ పేరు, నంబరు, పంట పేరు చూసుకోండి. తప్పుంటే అప్పుడే చెప్పాలి. తుపాను వచ్చాక చెబితే ఎవరూ వినలేరు, వినాలని ఉన్నా దిద్దే వీలుండదు.

ఈ పేజీని మీ భూమి యజమానికి పంపండి

కార్డు రాకపోవడానికి మా దృష్టికి వచ్చే కారణాల్లో మొదటిది యజమాని సంతకం. 2011 చట్టానికి భిన్నంగా 2019 చట్టంలో యజమాని సంతకం తప్పనిసరి. మీరు అడగలేక ఇబ్బంది పడుతున్నారని మాకు తెలుసు. “బాబూ, సంతకం పెట్టండి” అని అడిగితే వచ్చే ఏడాది పొలం వేరేవాళ్లకి ఇచ్చేస్తాడేమోనని భయం. అందుకే ఈ భాగం నేరుగా యజమానులకే రాస్తున్నాం. మీరు అడిగే బదులు ఈ పీడీఎఫ్‌ను వాళ్ల వాట్సాప్‌కి పంపేయండి.

అయ్యా, అమ్మా, మీ పొలం చేసే రైతు మీ సంతకం అడుగుతున్నది 11 నెలల పంట కోసం మాత్రమే. ఈ పత్రంతో భూమి మీద హక్కు రాదని, కౌలుదారు దీన్ని చూపించి భూమి తనదనడానికి వీల్లేదని చట్టమే చెబుతోంది. గడువు తీరాక ఆ కాగితంతో మీ మీద ఏ హక్కూ మిగలదు. ఆయన తీసుకునే పంట రుణానికి మీ భూమి తాకట్టు కాదు, ఆ అప్పు భారం మీ పాసు పుస్తకం మీద పడదు. మీకు వచ్చే పీఎం కిసాన్ డబ్బు భూమి మీ పేరున ఉన్నందుకు వస్తోంది, పొలం ఎవరు దున్నారన్న దాన్నిబట్టి కాదు. మీరు సంతకం పెట్టినందుకు అది ఆగదు.

ఇంకో మాట. కాగితం లేని నోటి కౌలులో మీకూ భరోసా లేదు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఇచ్చారు, ఎంత విస్తీర్ణం ఇచ్చారు అన్నదానికి 11 నెలల ఒప్పందం మీకూ ఆధారమే. ప్రతి ఏటా కొత్తగా రాయడం వల్ల పొలం మీదేనని ప్రతి ఏటా రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే.

మళ్లీ సాగుదారులకి: యజమాని చనిపోయి పాసు పుస్తకం ఇంకా తండ్రి పేరునో, తాత పేరునో ఉంటే ముందు వారసుల పేరున మ్యుటేషన్ అవ్వాలి. లేనివాడి బదులు కొడుకు సంతకం చేస్తే ఆన్‌లైన్‌లో పేర్లు కలవవు. ఇది మన మండలాల్లో చాలా ఇళ్లలో ఉన్న సమస్య. నలుగురు అన్నదమ్ములు నాలుగు ఊళ్లలో ఉంటారు, భాగాలు మాటల్లో పంచుకుంటారు, రికార్డు మాత్రం కదలదు. మే నెల వరకు ఆగకుండా ఇప్పుడే వాళ్లతో మాట్లాడండి.

కార్డు ఏ భూమికి రాదు

ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీ-పట్టా భూమిని కౌలుకివ్వడం 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద బదిలీ లెక్కలోకే వస్తుంది. ఆ భూమికి కౌలు కార్డు అడిగితే మీకన్నా ఎక్కువ చిక్కు ఆ పట్టాదారుకే. అటవీ హక్కుల చట్టం కింద సవరలకు, ఇతర గిరిజనులకు ఇచ్చిన కొండపోడు పట్టాలు వారసులకు వస్తాయి కానీ ఇతరులకు బదిలీ కావు. షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాల్లో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కౌలుకు తీసుకోవడం 1/70 చట్టం ప్రకారం చెల్లదు. గుడి మాన్యాలకు దేవాదాయ శాఖ పాట, దాని లీజు పత్రం వేరు. ఆ శాఖ అధికారుల దగ్గరే అడగాలి.

కొబ్బరి, జీడి తోటల సంగతి కొంచెం జాగ్రత్త. తోట కౌలుకి తీసుకున్నా చెట్టు యజమానిదే, మీది కాయ, గింజ. చెట్టు పడిపోతే వచ్చే నష్టం వేరు, ఆ ఏడాది కాపు పోతే జరిగిన నష్టం వేరు. తిత్లీ తర్వాత ఉద్దానం చూసింది ఇదే, చెట్టే లేకుండా పోయినప్పుడు కౌలుదారు కట్టిన డబ్బు ఎవరు ఇవ్వాలి అని. కార్డు ఆ తగవు తీర్చదు. కౌలు ఎంత, ఏ నెలలో కట్టాలి, గాలివానకి తోట పోతే ఆ ఏడాది కౌలులో ఎంత తగ్గించాలి అన్నవి వేరే కాగితం మీద ఇద్దరూ రాసుకుని సంతకాలు పెట్టుకోండి. వరికి కూడా ఇదే. పాలికి చేస్తున్నా, బస్తాల లెక్కన చేస్తున్నా, రొక్కానికి చేస్తున్నా ఆ మాట కాగితం మీదికి రావాలి. ‘మనోడే కదా’ అనుకుని వదిలేసిన మాటే తర్వాత పంచాయితీకి వస్తుంది.

కార్డుతో ఏమేం వస్తాయి

పంట రుణం మొదటిది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణాలకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. స్వల్పకాలిక పంట రుణం 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోగా కట్టేస్తే 3 శాతం రాయితీ, అంటే 4 శాతమే. ఊళ్లో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 50,000 అప్పుకి ఏడాది వడ్డీ బయట 12,000, బ్యాంకులో సకాలంలో కడితే 2,000.

అయితే దాచకుండా చెప్పాలి. కార్డు ఉన్నంత మాత్రాన బ్యాంకు తలుపు వెంటనే తెరుచుకోదు. ఆ సర్వే నంబరు మీద యజమాని ఇప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, అదే పంటకి మీకు మళ్లీ ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. అందుకే సంతకం పెట్టించుకునేటప్పుడే “ఈ పొలం మీద లోను ఉందా?” అని అడిగేయండి. ఒక్కరికి ఇవ్వడానికి వెనకాడే బ్యాంకులు 4 నుంచి 10 మంది కలిసి కట్టుకున్న సంయుక్త బాధ్యత సంఘానికి ఇస్తాయి. అందులో ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్లు కట్టాలి. కాబట్టి చుట్టరికం చూసి కాదు, కట్టే అలవాటు చూసి సభ్యుల్ని ఎంచుకోండి.

రెండోది ధాన్యం అమ్మకం. 2025-26 ఖరీఫ్ సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. మన 80 కిలోల బస్తా లెక్కన సాధారణ రకానికి దాదాపు 1,895. ఈ ధర మీ చేతికి రావాలంటే ఈ-పంటలో మీ పేరు, మీ బ్యాంకు ఖాతా ఉండాలి. లేకపోతే యజమాని పేరున అమ్మాలి, డబ్బు ఆయన ఖాతాలో పడాలి, ఆయన మీకు తిప్పి పంపాలి. అది కుదరక చాలామంది కల్లంలోనే దళారికి తక్కువకి ఇచ్చేస్తున్నారు. బస్తాకు వంద తగ్గినా నలభై బస్తాలకు 4,000 పోయినట్టే. కౌలు కార్డు లేకపోవడానికి మీరు ప్రతి ఏడాదీ చెల్లిస్తున్న జరిమానా ఇది.

పంటల బీమా మూడోది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతు వాటా ప్రీమియం బీమా మొత్తంలో ఖరీఫ్ ఆహార పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. కౌలుదారు కూడా చేరొచ్చు, సాగుకు ఆధారం చూపాలి. ఆ ఆధారమే ఈ కార్డు. కోసి చేనులో ఆరబెట్టిన పంట అకాల వర్షానికి తడిస్తే, స్థానికంగా ముంపు వస్తే 72 గంటల్లోగా తెలియజేయాలి. మూడు రోజులు దాటాక చేసే ఫోనుకు విలువ ఉండదు.

పెట్టుబడి సాయం గురించి ఎక్కువమంది అడుగుతున్నారు. అన్నదాత సుఖీభవ చెల్లింపులు 2025 ఆగస్టు 2న మొదలయ్యాయి. భూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి చెప్పిన 20,000లో 6,000 కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్, 14,000 రాష్ట్రానిది. పీఎం కిసాన్ భూమి తమ పేరున ఉన్నవాళ్లకే. సెంటు భూమి లేని కౌలుదారుకి ఆ డబ్బు రాదు, వస్తుందని ఎవరైనా చెప్పి డబ్బులడిగితే నమ్మకండి. రాష్ట్ర సాయానికి కౌలుదారు పేరు పరిశీలనకు రావాలంటే గడువున్న కార్డు, ఈ-పంట నమోదు రెండూ ఉండాలి. మీ కేసులో అర్హత ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో ఆధార్ నంబరుతో చూపించమని అడగండి. నోటిమాటగా ‘వస్తాది, పో’ అంటే సరిపోదు, తెర మీద చూపించమనండి.

పని జరగకపోతే

సంతకాలయ్యాక కూడా కార్డు ఇవ్వకుండా తిప్పుతుంటే, లేదా గడువులో ఉండగానే యజమాని వచ్చి పొలం వేరేవాళ్లకిచ్చానంటే, ఊరి పెద్దమనుషుల దగ్గరే ఆగిపోకండి. ఒప్పందం నకలు జతచేసి తహసీల్దారుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు. అర్జీ నంబరున్న రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు. 1100 నంబరుకు ఫోన్ చేసి ఆ అర్జీ ఎక్కడుందో కనుక్కోవచ్చు. వ్యవసాయ పథకాల సందేహాలకి 155251.

యజమాని ససేమిరా సంతకం పెట్టనంటే చట్టం ఆయన్ని బలవంతం చేయదు. అలాంటప్పుడు కూడా పూర్తిగా చేతులెత్తేయక్కర్లేదు. మీకు సొంతంగా అరెకరం ఉంటే దాన్ని మీ పేరున ఈ-పంటలో తప్పకుండా ఎక్కించండి. కౌలు పొలాలు రెండు మూడు యజమానులవైతే సంతకం పెట్టే ఒక్కరి పొలానికైనా కార్డు తీసుకోండి. ఒక పొలానికి కార్డు చేసి ఏ గొడవా రాలేదని చూశాక రెండోవారి మనసు మారిన సందర్భాలు ఉంటాయి.

ఆడవాళ్లు కౌలుకి చేసే ఇళ్లకి ఒక మాట. భర్త వలస వెళ్లి, పొలం మీరే చేస్తుంటే కార్డు మీ పేరునే రాయించుకోండి. ఆయన వేలిముద్ర కోసం చెన్నై నుంచి రప్పించే పరిస్థితి ఈకేవైసీ రోజున వద్దు. బ్యాంకు ఖాతా కూడా మీదే ఇవ్వండి, ఆధార్‌తో అనుసంధానం అయిందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

కార్డు చేతికి రాగానే రెండు వైపులా ఫోనులో ఫొటో తీసుకోండి. ఒప్పంద పత్రానికీ తీయండి. ఉప్పెనలో, వరదలో కాగితం తడిసినా ఫొటో ఉంటుంది. అదే ఫోనులో గడువు తేదీకి నెల ముందు అలారం పెట్టుకోండి. మీకు రాకపోతే పిల్లల్ని పెట్టమనండి. ఏప్రిల్ 30న తీరే కార్డుకి మార్చి 30న మోగాలి. అప్పటికి జీడి గింజ ఏరుతుంటారు, మినుము నూర్చేసి ఉంటారు, యజమానికి ఫోన్ చేసి వేసవిలో ఎప్పుడొస్తున్నారని అడగడానికి తీరిక ఉంటుంది.